అంటువ్యాధులు – అవి నడచు దారులు

మన ఇండ్లలో ప్రతిరాత్రియు జరుగు ఒక చిన్న పనితో ఈ వ్యాసమును ప్రారంభింతము. అమ్మ గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు వేసి మూతపెట్టును. తెల్లవారుసరికి గిన్నెడు పాలును పెరుగగును. చెంచాడు పెరుగు గిన్నెడు పెరుగెట్లయ్యెను? పాలు మరుగుచున్నప్పుడు తోడు వేసిన అవి తోడుకొనవు. మిక్కిలి చల్లారిన పిదప వేసినను సరిగా తోడుకొనవు. బెంగుళూరు మార్గశిరపు చలిలో గిన్నెను కంబళిలో చుట్టి పెట్టువారును కలరు. వేడిమి హెచ్చైన చచ్చుచు, తగ్గిన మందగించుచు, తగినంత యున్న వర్ధిల్లునది ప్రాణియే కావలెను గదా! పెరుగునందున్నది అట్టి ప్రాణియే. దానినే మనము సూక్ష్మజీవి యందుము.

సూక్ష్మజీవి యనగానే రోగమును తలచి భయపడుట సరి కాదు. ఇడ్లీపిండిని పులియబెట్టునవియు, రాలిన ఆకును మట్టిగా మార్చి పైరునకు ఎరువు సమకూర్చునవియు, మన ప్రేగులలో నుండి జీర్ణక్రియకు తోడ్పడునవియు సూక్ష్మజీవులే. వానిలో మనకు కీడు చేయునవి కొన్ని మాత్రమే. ఆ కొన్నింటిని గుర్తించి, అవి వచ్చు దారులను తెలిసికొని, ఆ దారులను మూయుటయే ఆరోగ్యశాస్త్రములోని ముఖ్యమైన పాఠము.

నాలుగు తెగలు

రోగములను కలిగించు సూక్ష్మజీవులను స్థూలముగా నాలుగు తెగలుగా విభజింపవచ్చును. మొదటిది బాక్టీరియా. ఇవి ఏకకణ జీవులు. ఒక మిల్లీమీటరును 1,000 భాగములు చేసినచో అందొక భాగమంత యుండును వీని పరిమాణము. కలరా, క్షయ, టైఫాయిడు, ప్లేగు వీని వలన వచ్చును. రెండవది వైరసు. ఇది బాక్టీరియాకంటె అనేక రెట్లు చిన్నది. దీనికి స్వతంత్రముగా బ్రతుకు శక్తి లేదు. ఇతర ప్రాణి కణములో చొరబడి, ఆ కణము చేతనే తనవంటి వానిని తయారు చేయించుకొనును. మశూచికము, పోలియో, తట్టు, డెంగీ, కోవిడ్ ఈ తెగవి. మూడవది ప్రోటోజోవా యను ఏకకణ జంతువులు. మలేరియా వీని పని. నాలుగవది శిలీంధ్రములు, అనగా బూజు జాతివి. తామర మొదలగు చర్మరోగములు వీని వలన కలుగును.

వీని బలము దేహములో లేదు, సంఖ్యలో కలదు. అనుకూలమైన తావున కొన్ని బాక్టీరియాలు ఇరువది నిమిషముల కొకసారి రెండుగా చీలును. ఒక్కటి గంటకు 8 అగును. రెండు గంటలకు 64 అగును. ఆహారమును, వేడిమియు తగినంత దొరికినచో ఏడు గంటలకు 20,97,152 అగును. మధ్యాహ్నము మూత లేక వదలిన అన్నమును రాత్రి తినరాదని పెద్దలు ఏల చెప్పుదురో ఈ లెక్కను వేసి చూచిన విద్యార్థికి తెలియగలదు.

కంటికి కనబడిన కథ

ఈ జీవులను మొదట చూచినవారిలో ప్రసిద్ధుడు హాలెండు దేశములో డెల్ఫ్ట్ నగరమున బట్టల వర్తకము చేసిన లీవెన్‌హుక్. ఆయన తాను స్వయముగా అరగదీసిన భూతద్దములతో నీటిబొట్టును పరీక్షించి, అందు కదలాడు చిన్న ప్రాణులను గూర్చి 1676లో లండనునందలి రాయల్ సొసైటీకి వ్రాసెను. అయినను ఆ ప్రాణులకును రోగములకును గల సంబంధమును లోకము గుర్తించుటకు ఇంచుమించు రెండు వందల సంవత్సరములు పట్టెను. పులియుటయు కుళ్లుటయు సూక్ష్మజీవుల పనియేయని ఫ్రాన్సు దేశపు లూయీ పాశ్చరు నిరూపించెను. జర్మనీ దేశపు రాబర్టు కాఖ్ 1882లో క్షయ క్రిమిని కనుగొనెను. పిదప మన దేశమునకు వచ్చి, 1884లో కలకత్తాలోని ఒక చెరువు నీటిలో కలరా క్రిమిని చూచెను.

అంతవరకు చెడుగాలి వలన రోగములు వచ్చునని పాశ్చాత్య వైద్యులును, గ్రామదేవత కోపించుట వలన వచ్చునని మన పల్లెలవారును తలచుచుండిరి. క్రిమి కనబడిన పిదప ప్రశ్న మారినది. “ఎవరు కోపించిరి?” అను ప్రశ్న పోయి, “ఏ దారిని వచ్చినది?” అను ప్రశ్న వచ్చినది.

ముఖ్యమైన దారులు

నీరు, ఆహారము మొదటి దారి. రోగి మలములోని క్రిమి నీటిలో చేరి, ఆ నీరు త్రాగినవానిని చేరును. కలరా, టైఫాయిడు, కామెర్లలో కొన్ని రకములు ఇట్లు వచ్చును. ఈగ మలముపై వ్రాలి అన్నముపై వ్రాలుటయు ఈ దారిలోనిదే. నీటిని బాగుగా మరుగనిచ్చి, చల్లార్చి, మూతపెట్టి త్రాగుటయు, మరుగుదొడ్డి నుండి వచ్చిన పిమ్మటను భోజనమునకు ముందును సబ్బుతో చేతులు కడుగుకొనుటయు ఈ దారికి గడియలు. విరేచనములు పట్టుకొన్నవానికి ప్రాణాపాయము దేహమందలి నీరును ఉప్పును తరిగిపోవుట వలన కలుగును. లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు టీచెంచాల చక్కెరను, అర టీచెంచా ఉప్పును కలిపి మాటిమాటికి త్రాగించుచు, వైద్యుని కడకు తీసికొనిపోవలెను. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరములలో కలరా చెలరేగినప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఇట్టి చక్కెర, ఉప్పుల ద్రవముతోనే వేలమంది ప్రాణములు నిలిపెను.

గాలి రెండవ దారి. దగ్గినను తుమ్మినను వెలువడు తుంపరలతో క్షయ, తట్టు, కోవిడ్ క్రిములు ఇతరుల ఊపిరితిత్తులను చేరును. కిటికీలు మూసిన ఇరుకు గదిలో ఈ దారి వెడల్పగును. గాలియు వెలుతురును ధారాళముగా వచ్చు గదిలో ఇరుకగును. నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనుట చాదస్తము గాదు, తోటివానియెడ మర్యాద.

స్పర్శ మూడవ దారి. తామర, గజ్జి మొదలైనవి తువ్వాలును, దుప్పటిని, దువ్వెనను పంచుకొనుట వలన వ్యాపించును.

కీటకములు, జంతువులు నాలుగవ దారి. కుక్కకాటు వలన వచ్చు రేబిస్ ఈ దారిలోనిదే. దోమ మోసికొనివచ్చు రోగములును ఈ దారిలోనివే. ఈ దారిని కనుగొనిన కథ మన నగరముతోను మన తెలుగు నేలతోను పెనవేసికొన్నది కావున దానిని కొంచెము విపులముగా చెప్పుకొందము.

బెంగుళూరు తొట్టి – సికింద్రాబాదు దోమ

1883లో రోనాల్డ్ రాస్ అను యువ సైనిక వైద్యుడు బెంగుళూరు దండులో పనిచేయుచుండెను. ఆయన బంగళాలో దోమల బాధ మిక్కుటముగా నుండెడిది. కిటికీ చెంతనున్న ఒక తొట్టిలో దోమపిల్లలు కదలాడుట చూచి, ఆ నీటిని పారబోయించెను. దోమలు తగ్గినవి. నీరు నిలువకున్న దోమ పుట్టదను సంగతి ఆనాడే ఆయనకు తెలిసెను. 1895లో ఆయన మరల బెంగుళూరునకు కలరా నివారణ పనిమీద వచ్చెను. మలేరియా క్రిమిని ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో రోగి రక్తమునందు కనుగొనియుండెను గాని, అది ఒకరి నుండి ఒకరికి ఎట్లు చేరునో ఎవ్వరికిని తెలియదు.

రాస్ 1897లో సికింద్రాబాదునకు మారెను. అచ్చట బేగంపేటలోని సైనిక వైద్యశాలలో ఎండాకాలపు ఉక్కలో కూర్చుండి, మలేరియా రోగిని కుట్టిన దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినిలో చూచుచుండెను. విసనకఱ్ఱ గాలికి దోమ ముక్కలు చెదరిపోవునని దానినికూడ మానివేసెను. హుసేన్‌ఖాన్ అను రోగి తనను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున తీసికొని ఈ పరిశోధనకు దేహమును అప్పగించెను. 1897 ఆగస్టు 20వ తేదీన, రెక్కలపై మచ్చలుగల ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుచుండుట రాస్ కంటబడినది. మరుసటి సంవత్సరము కలకత్తాలో పక్షుల మలేరియాను పరీక్షించి, క్రిమి దోమ లాలాజలమునకు చేరి కాటుతో మరియొక ప్రాణికి సంక్రమించునని నిరూపించెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. బేగంపేటలోని ఆ భవనము నేటికిని ఆయన పేరుతో నున్నది. రాస్ పేరు లోకమెల్ల ఎరుగును. హుసేన్‌ఖాన్ ను కూడ మనము మరువరాదు.

ప్లేగు నేర్పిన పాఠము

రాస్ విజయము పొందిన మరుసటి ఏడే బెంగుళూరును గొప్ప విపత్తు చుట్టుముట్టెను. 1896లో బొంబాయిలో ప్రబలిన ప్లేగు, రైలుమార్గము వెంట హుబ్బళ్లి మీదుగా 1898 ఆగస్టులో ఈ నగరమును చేరినది. ప్లేగు క్రిమిని యెర్సిన్ 1894లో హాంగ్‌కాంగులో కనుగొనెను. అది ఎలుకపై నుండు ఒక జాతి గెంతుపురుగు ద్వారా మనుష్యునకు వచ్చునని సీమాన్ అను ఫ్రెంచి వైద్యుడు కరాచీలో నిరూపించినది 1898లోనే. ఎలుక చచ్చి దేహము చల్లబడగానే పురుగు దానిని విడిచి, వెచ్చని మరియొక దేహమును వెదకికొనును. కాని ఈ సత్యమును చాలకాలము ఎవ్వరును నమ్మలేదు. అధికారులు గోడలకు సున్నము కొట్టించిరి, సామానులు కాల్పించిరి, రోగులను శిబిరములకు తరలించిరి. దారి మాత్రము మూతపడలేదు. ధాన్యపు బస్తాలతో ఎలుకలు ప్రయాణము చేయుచునే యుండెను.

ఇంకొక తప్పును జరిగినది. బలవంతపు సోదాలకు జడిసి జనులు రోగులను దాచిరి. దాచినకొలది రోగము వ్యాపించెను. పుణెలో ఈ సోదాల కాఠిన్యము 1897లో ప్లేగు అధికారి రాండ్ హత్యకే దారితీసెను. భయపెట్టి వ్యాధిని అణచుట సాధ్యము గాదనియు, ప్రజలకు నచ్చచెప్పి వారి తోడ్పాటుతోనే అణచవలెననియు ఆనాటి చరిత్ర బోధించుచున్నది.

ఆ ప్లేగు గుర్తులు బెంగుళూరులో ఇప్పటికిని కలవు. ఇరుకు పేటల నుండి జనులను వెలుపలికి తెచ్చుటకై గాలియు వెలుతురును గల బసవనగుడి, మల్లేశ్వరము పేటలు వెలసినవి. ప్లేగు మారమ్మ గుడులును వెలసినవి. మొదటివి శాస్త్రము చూపిన దారి, రెండవవి దుఃఖములో మనస్సు వెదకికొనిన దారి. రెండింటిని కట్టినవారు ఒకే ఊరివారు.

మూడు ఆయుధములు

వ్యాధి నివారణకు మూడు ఆయుధములు కలవు. దారిని మూయుట మొదటిది. దానిని గూర్చి పైన చెప్పియుంటిమి. దేహమును ముందుగా సిద్ధపరచుట రెండవది. అదియే టీకా. బలహీనపరచిన క్రిమినిగాని, దాని అంశమునుగాని దేహమునకు పరిచయము చేసినచో, దేహము దానిని గుర్తుంచుకొని, నిజమైన శత్రువు వచ్చినప్పుడు వెంటనే ఎదిరించును. ఊరిలో చాలమంది టీకా పొందినచో క్రిమికి నడచుటకు మనుష్యులు దొరకరు. అప్పుడు టీకా వేయరాని పసిబిడ్డకును రక్షణ కలుగును. మశూచికము మన దేశములో 1975లో చివరిసారిగా కనబడెను. 1980లో లోకమునుండియే తొలగెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. పోలియో మన దేశమున 2011 జనవరిలో చివరిసారిగా కనబడినది.

మూడవ ఆయుధము మందు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరును ఈ సందర్భమున స్మరింపవలెను. జీర్ణకోశ వ్యాధితో సోదరులను పోగొట్టుకొనిన ఆయన అమెరికాకు వెడలి, లెడర్లీ పరిశోధనాలయమునకు నాయకుడై, తన సహచరులచేత అద్భుతమైన ఔషధములను వెలికి తీయించెను. కోస్తా జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధికి నేటికిని వాడుచున్న మందు వానిలో నొకటి. 1948లో ప్రకటింపబడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ మందులలో మొదటిది. 1994లో సూరతులో ప్లేగు భయము వ్యాపించినప్పుడు జనులు వెదకికొనినది ఆ జాతి మందులనే.

కాని ఇట్టి మందులు బాక్టీరియాను చంపునుగాని వైరసును చంపజాలవు. జలుబునకును డెంగీకిని వీనిని మ్రింగుట వృథా. వైద్యుడు చెప్పిన దినములు పూర్తిగాక మునుపే, నెమ్మదించినదని మాని వేయుటయు ప్రమాదమే. క్షయలో ఇది మరింత నిజము. సామాన్యముగా ఆరు నెలలు వాడవలసిన మందును రెండు నెలలకు ఆపినచో, మిగిలిన క్రిములు ఆ మందునకు లొంగనివై తిరిగి లేచును. ప్రపంచములోని క్షయరోగులలో నాలుగవ వంతు మన దేశముననే యున్నారు. 1959లో బెంగుళూరులో స్థాపితమైన జాతీయ క్షయ సంస్థ ఈ వ్యాధిపై పోరునకు మార్గమును చూపిన సంస్థలలో నొకటి.

మన కాడుగోడిలో

ఇంతవరకు చెప్పిన శాస్త్రము మన వీధికి ఎట్లు వర్తించునో చూతము. 2024 వేసవిలో బెంగుళూరు నీటికై తల్లడిల్లినది. నగరపు తూర్పు అంచుననున్న మన కాడుగోడి, వైట్‌ఫీల్డు ప్రాంతములలో గొట్టపు బావులెండి, ట్యాంకరు నీరే దిక్కైన ఇండ్లు అనేకము. నీరు ఎప్పుడు వచ్చునో తెలియనివారు డ్రమ్ములలోను, బిందెలలోను, తొట్టెలలోను నిలువ చేసికొనిరి. అది వారి తప్పు గాదు, అవసరము. కాని నలుపు తెలుపు చారలుగల డెంగీ దోమకు కావలసినది సరిగా అదియే. అది మురికి కాలువను కోరదు, ఇంటిలోని తేట నీటిని కోరును. పగటివేళ కుట్టును. గ్రుడ్డు పెట్టిన ఇంచుమించు వారము పది దినములలో కొత్త దోమ ఎగురును. ఆ సంవత్సరమే వానకాలమున డెంగీ ప్రబలి, సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వము దానిని అంటువ్యాధుల చట్టము క్రిందికి తెచ్చెను. మన తరగతులలోను జ్వరముతో రాని పిల్లల బల్లలు ఖాళీగా నుండుట మేము చూచితిమి.

ఆ దినములలో మన విద్యార్థిని యొకతె ఇంట జరిగిన సంగతి వినదగినది. ఆరోగ్య కార్యకర్త వచ్చి, డ్రమ్ములో దోమపిల్లలున్నవి, నీరు పారబోయవలెనని కన్నడములో చెప్పెను. చిత్తూరు జిల్లా పల్లె నుండి వచ్చిన ముదుసలి అవ్వకు మాట అర్థము గాలేదు. మూడు దినముల కొకసారి వచ్చు నీటిని నేలపాలు చేయుమనుచున్నారని మాత్రము గ్రహించి, డ్రమ్మునకు అడ్డముగా నిలిచెను. బడినుండి అప్పుడే వచ్చిన మనుమరాలు ఇరువురి మాటయు విని, “అవ్వా, నీళ్లు దండగ కావు. వడగట్టి ఇల్లు కడుగుదాము. డ్రమ్ము లోపల పీచుతో తోమి, మళ్లీ నీళ్లు వచ్చినప్పుడు పంచెగుడ్డ గట్టిగా కడదాము” అని చెప్పెను. అవ్వ ప్రక్కకు తొలగెను. అంతవరకు కఠినమని తోచిన ఆజ్ఞ, తన భాషలో కారణముతో కూడ విన్నంతనే, ఇంటి పని అయ్యెను.

ఆ బాలిక చెప్పిన “తోమి” యను మాట శాస్త్రసమ్మతము. డెంగీ దోమ గ్రుడ్లు పాత్ర గోడకు అంటుకొని, నీరు లేకున్నను నెలల తరబడి చావకుండును. నీరు పారబోసినంత మాత్రమున అవి పోవు. కావున వారమున కొకదినము డ్రమ్ములను, పూలకుండీల పళ్లెములను, శీతలయంత్రపు తొట్టెలను ఖాళీచేసి, పీచుతో రుద్ది, ఎండబెట్టి, మూతపెట్టవలెను. మిద్దెపైనున్న పాత టైర్లను, కొబ్బరి చిప్పలను తొలగింపవలెను. డెంగీ జ్వరమని అనుమానమున్నప్పుడు ఆస్పిరిన్ మొదలైన మాత్రలను మన యిష్టము వచ్చినట్లు వాడరాదు. అవి రక్తస్రావమును హెచ్చించును. జ్వరము తగ్గిన పిదప కడుపునొప్పి, ఎడతెగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము కనబడినచో ఒక గంటయైనను జాగు చేయక వైద్యశాలకు తీసికొనిపోవలెను. జ్వరము తగ్గు దినములలోనే ఈ వ్యాధియందు అపాయము పొంచియుండును.

ముగింపు

చివరగా ఒక మాట. వ్యాధి ప్రబలినప్పుడెల్ల జనులు క్రిమిని వదలి మనుష్యుని నిందించుట లోకములో పరిపాటి. క్రొత్తగా వచ్చినవాడు తెచ్చెనని, వేరు భాషవాడు తెచ్చెనని, పేదవాడు తెచ్చెనని అందురు. 2020లో కోవిడ్ కాలమున ఇట్టి మాటలు మనము వినియున్నాము. పనికై పరభాషా ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన కుటుంబముల పిల్లలము గనుక ఈ నింద ఎంత బాధాకరమో మనము ఎరుగుదుము. క్రిమికి భాష లేదు, కులము లేదు, ఊరు లేదు. దానికి తెలిసినది దారి యొక్కటే. నిందకు జడిసి రోగిని దాచిన ఇంటిలో ఆ దారి తెరచుకొనును. ఆదరించి వైద్యుని కడకు పంపిన ఇంటిలో అది మూసికొనును.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు బడిలో కన్నడమును ఆంగ్లమును నేర్చుకొనుచున్నారు, ఇంటిలో తెలుగు మాటలాడుచున్నారు. గోడపై అంటించిన ఆరోగ్య ప్రకటనను చదివి, దాని కారణమును అవ్వకు, తాతకు, ప్రక్క కొట్టములోని కూలివానికి వారి మాటలో చెప్పగలవారు మీరే. ఈ మాసిక చేతికి వచ్చిన దినముననే ఇంటికి పోయి, డ్రమ్ము మూత తీసి లోపలికి చూడుడు. నీటిలో సన్నని పురుగులు తలక్రిందులుగా వ్రేలాడుచు కదలుచున్నచో, ఏమి చేయవలెనో మీకు తెలియును. అవ్వకు కారణము చెప్పి, ఆమెతో కూడ చేయుడు.